విశాఖ తీరంలో గాలానికి వెళ్తున్నారా? రాడ్, రీల్ ఇలా ఎంచుకోండి

"అన్నా, సముద్రానికి మంచి రాడ్ ఒకటి చెప్పు" అని ఎవరైనా అడిగితే నేను రాడ్ పేరు చెప్పను. "ఎక్కడ నిలబడి వేస్తావు తమ్ముడూ?" అని అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. ముందు రాడ్ కొంటారు, తర్వాత దానికో రీల్ వెతుకుతారు, రీల్‌లో పట్టినంత దారం చుట్టిస్తారు, అప్పుడు ఎక్కడికి వెళ్దామా అని ఆలోచిస్తారు. ఈ వరస తిరగబడాలి. ముందు చోటు, తర్వాత చేప, ఆ తర్వాత ఎర బరువు, దారం, రీల్, చివరికి రాడ్. ఇలా వెళ్తే కొన్న ప్రతి వస్తువూ వాడకంలోకి వస్తుంది. అటు నుంచి వస్తే సగం సామాను అటక మీదే ఉంటుంది.

ఇక్కడ రాసేదంతా విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న రాళ్లు, ఇసుక, గోస్తనీ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కాకినాడ వాళ్లకైనా, నెల్లూరు వాళ్లకైనా ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది.

1. ముందు చోటు తేల్చుకోండి

రాళ్ల మీద నుంచి వేసేవాళ్లకి 9 నుంచి 10 అడుగుల రాడ్ కావాలి. తెన్నేటి పార్కు కింద రాళ్లు, యారాడ వైపు రాళ్లు చూసే ఉంటారు. నీళ్లు తాకే చోట నాచు, గుల్లలు పట్టి ఉంటాయి. చేప పడ్డాక చివరి పది అడుగులే అసలు కష్టం. అది రాతి కిందకి దూరాలని చూస్తుంది. పొడవాటి రాడ్ ఉంటే దారాన్ని ఆ గుల్లల అంచు తగలకుండా పైకి ఎత్తి పట్టుకోవచ్చు. దూరం వెళ్లడం రెండో లాభమే.

ఇసుక మీద నుంచి సీసం గుండు, రొయ్య ఎర వేసేవాళ్లకి 12, 13 అడుగుల సర్ఫ్ రాడ్. అలలు విరిగే గీత దాటించి ఎర పడేయాలి, దారం ఆ అలల మీదుగా ఎత్తులో ఉండాలి. అంత పొడవు అందుకే. గోస్తనీ మొగలో పండుగప్ప కోసమైతే 7 నుంచి 8 అడుగులు చాలు. అక్కడ దూరం కన్నా గురి ముఖ్యం. పడవ మీద 6 నుంచి 7 అడుగులు. పడవలో పొడుగు రాడ్ పక్కవాడికి తగలడమే కాదు, కింద నుంచి చేప లాగుతుంటే పొడవు పెరిగేకొద్దీ భారమంతా మీ మోచేయి మీదే పడుతుంది.

మొదటిసారి పదమూడు అడుగుల కర్ర భుజాన వేసుకుని రాళ్ల మీదకి వెళ్లినప్పుడు, అక్కడ చేతి గాలం వేస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి "ఏటి బావూ, కర్ర పొడుగైతే చేప పెద్దదవుద్దా?" అన్నాడు. ఆ రోజంతా ఆ కర్ర ఊపుతూ భుజం నొప్పి తెచ్చుకున్నాను. చేతి గాలంతో ఆయన పట్టినన్ని కూడా పట్టలేకపోయాను. చోటుకి తగ్గ పొడవు అనే మాట నాకు అప్పుడే బుర్రకెక్కింది.

మొదటి సెట్ ఒక్కటే కొంటానంటే నా మాట: 9 అడుగుల స్పిన్నింగ్ రాడ్ (రీల్ రాడ్ కింద వేలాడే రకం), రెండు ముక్కలది. రాళ్ల మీద పనికొస్తుంది, మొగలో సర్దుకోవచ్చు, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు ఇసుక మీద కూడా నడుస్తుంది.

2. ఏ చేప, ఎంత బరువు ఎర

తీరం నుంచి మనకి దొరికేవాటిలో కానగంతలు, పారలు, పండుగప్ప, గొరకలు, మాగలు ఉంటాయి. అదృష్టం ఉంటే వంజరం కూడా. ఉత్తరాంధ్రలో దాన్నే కోనాం అంటాం. పారలకి, కానగంతలకి తెల్లవారుజామున 20 నుంచి 40 గ్రాముల వెండి రంగు మెటల్ జిగ్ (చిన్న చేపలా కనిపించే లోహపు ఎర) వేసి వేగంగా లాగడం పద్ధతి. పండుగప్పకి అదే పరిమాణంలో ప్లాస్టిక్ చేప ఎర, నెమ్మదిగా. గొరకలకి సీసం, రొయ్య.

ఇప్పుడు రాడ్ మొదట్లో, చేతిపిడికి కొంచెం పైన, చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది చూడండి: లూర్ 20–60 గ్రా. అని (లూర్ అంటే కృత్రిమ ఎర). షాపులో అందరూ పొడవు చూస్తారు, ఈ అంకె చూడరు. రాడ్ ఎంత బరువు విసరడానికి చేశారో చెప్పేది ఇదే. 20–60 అని ఉంటే 30 నుంచి 45 గ్రాముల ఎర దానికి హాయిగా ఉంటుంది. 60 అంటే పూర్తి బలంతో విసరకూడని హద్దు. ఎర కట్టి వేసేటప్పుడు సీసం, రొయ్య కలిపి లెక్కపెట్టుకోండి. 60 గ్రాముల సీసానికి 20 గ్రాముల రొయ్య గుచ్చితే 80 అయింది. కార్బన్ రాడ్లు ఎక్కువగా ఇలాగే విరుగుతాయి, చేప లాగి కాదు.

మన రాళ్లకి 20–60 గ్రాముల రాడ్ సరిపోతుంది. ఇసుక మీద 100 గ్రాముల సీసం వేయాలంటే దానికి వేరే రాడ్ కొనాల్సిందే. రెండింటికీ ఒకటే అని ఎవరైనా అమ్మబోతే తీసుకోకండి.

3. దారం లెక్క ముందే రాసుకోండి

నైలాన్ తంగూసు దారం ఇప్పుడు మెయిన్ లైన్‌గా చాలామంది మానేశారు. అల్లిన బ్రెయిడ్ దారం అదే బలానికి చాలా సన్నంగా ఉంటుంది, సాగదు, దూరం వెళ్తుంది. దీని లావుకి పీఈ అని జపాన్ కొలత వాడతారు. పీఈ 1 అంటే 0.165 మి.మీ., పీఈ 2 అంటే 0.235 మి.మీ. మంచి రకం పీఈ 2 రమారమి 13 కిలోల దాకా ఆగుతుంది. తీరం నుంచి వేసేవాళ్లకి పీఈ 2 నా లెక్కలో సరైనది. మొగలో 1.5కి దిగవచ్చు. రాళ్లు బాగా కోసే చోట 3కి వెళ్లవచ్చు. పడవ మీద 3 లేదా 4.

కనీసం 200 మీటర్లు ఉండాలి. ఒక మంచి పార పడితే మొదటి పరుగులోనే యాభై అరవై మీటర్లు లాక్కెళ్లగలదు. అప్పటికే మీరు విసిరిన దూరం అరవై డెబ్భై ఉంటుంది.

బ్రెయిడ్ రాతికి తగిలితే పట్టుదారంలా తెగిపోతుంది. అందుకని చివర ఒకటిన్నర మీటర్ల లీడర్ కట్టాలి, నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ, 40 పౌండ్లది, అంటే 18 కిలోలు. పండుగప్ప మొప్ప మీద రేకు బ్లేడులా ఉంటుంది. సన్నటి లీడర్ అయితే చేప తల ఊపేసరికి కోసేస్తుంది. చేత్తో పట్టుకునేటప్పుడు కూడా ఆ మొప్పల్లో వేలు పెట్టకండి. కోనాం కోసమైతే చివర ఒక జానెడు స్టీలు వైరు తప్పదు, దాని పళ్లు అలాంటివి.

4. రీల్ దగ్గర తొందర పడకండి

మీ దగ్గర పది రూపాయలుంటే అయిదు రీల్‌కి, మూడు రాడ్‌కి, రెండు దారానికి పెట్టండి. నేను ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. రాడ్‌లో కదిలే భాగం లేదు. రీల్ ఒక యంత్రం. గేర్లు, బేరింగులు, స్ప్రింగులు, వాషర్లు ఉంటాయి, వాటన్నిటి మీదా ఉప్పు పని చేస్తుంది. నా మొదటి రీల్ ఒక షాపులో "ఉప్పునీటికి ఫస్ట్ క్లాస్" అని చెప్పి ఇచ్చారు. మూడో ట్రిప్పులో దారం తిరిగే చిన్న రోలర్ పట్టేసింది. నేను గమనించలేదు. భీమిలి రాళ్ల దగ్గర ఒక పార పడింది, పరుగు తీసింది, తిరగని ఆ రోలర్ మీద దారం ఒరుసుకుని ఒరుసుకుని టప్‌మని తెగింది. ఇంటికొచ్చి విప్పితే లోపల బేరింగ్ లేదు, ఎర్రటి తుప్పు ముద్ద ఉంది. చేప నోట్లో గాలం, దాని వెనక దారం అలాగే ఉండిపోయాయన్న బాధ ఇప్పటికీ పోలేదు. సామాను సరిగ్గా లేకపోతే నష్టం మనకొక్కళ్లకే కాదు, ఆ చేపకి కూడా.

కాబట్టి రీల్ కొనేటప్పుడు ఇలా చేయండి.

ముందు స్పిన్నింగ్ రీల్ అడగండి. బెయిట్‌కాస్టర్లు (రాడ్ పైన కూర్చునే రీళ్లు) బాగుంటాయి కానీ ఎదురుగాలిలో, కొత్త చేతుల్లో చిక్కులు పడతాయి. సైజు 4000 నుంచి 6000 మధ్యలో. అయితే ఒక కంపెనీ 5000, ఇంకో కంపెనీ 5000 ఒకటే పరిమాణంలో ఉండవు. షిమానో, డైవా, పెన్, ఓకూమా ఎవరిదైనా సరే, పెట్టె మీది అంకెని నమ్మకుండా, దారం చుట్టుకునే స్పూల్ మీద రాసినది చదవండి. అక్కడ ఏ లావు దారం ఎన్ని మీటర్లు పడుతుందో ఉంటుంది. పీఈ 2 దారం 200 మీటర్లకి పైన పట్టాలి. మనకి కావల్సింది ఆ ఒక్క లెక్క.

రీల్ చేతిలోకి తీసుకోండి. కాడ దగ్గర పట్టుకుని హ్యాండిల్‌ని చాలా నెమ్మదిగా, ఒక చుట్టుకి నాలుగైదు సెకన్లు పట్టేలా తిప్పండి. వేగంగా తిప్పితే ఏ రీలైనా మెత్తగానే ఉంటుంది, లోపం బయటపడేది నెమ్మదిగా తిప్పినప్పుడే. ఎక్కడైనా చిన్న గింజ అడ్డుపడినట్టు అనిపిస్తే పక్కన పెట్టేయండి. తర్వాత హ్యాండిల్‌ని అటూ ఇటూ ఊపండి, కొంచెం ఆట ఉండవచ్చు, టకటక చప్పుడు రాకూడదు. బెయిల్ (స్పూల్ మీదుగా తెరుచుకుని మూసుకునే తీగ) తెరిచి, చేత్తో మూయండి. గట్టిగా పడాలి. అప్పుడు రోలర్ మీద వేలు పెట్టి దొర్లించండి. అది వేలితో పాటు తిరగాలి. నా పార పోయింది ఈ ఒక్క చోటే కాబట్టి, కొత్త రీల్ చూసినా పాత రీల్ చూసినా నా వేలు ముందు అక్కడికే వెళ్తుంది.

ఇక డ్రాగ్. చేప లాగినప్పుడు దారం తెగకుండా, పట్టి పట్టి వదిలే బ్రేకు ఇది. పెట్టె మీద 10 కిలోలు, 15 కిలోలు అని పెద్దగా రాస్తారు. మనం వాడేది మూడు నాలుగు కిలోలే. ఎంత గట్టిగా బిగుస్తుందన్నది కాదు చూడాల్సింది, ఎంత నున్నగా జారుతుందన్నది. నాబ్ సగం బిగించి, స్పూల్‌ని చేత్తో మెల్లగా లాగి తిప్పండి. మొదట ఆగి, ఒక్కసారిగా జారి, మళ్లీ ఆగితే ఆ డ్రాగ్ సన్నటి దారాన్ని తెంపేస్తుంది. కార్బన్ వాషర్లు ఉన్నవి, నీళ్లు చొరబడకుండా సీల్ వేసినవి అడగండి.

బాడీ లోహంది అయితే మంచిది. లోడు పడినప్పుడు ప్లాస్టిక్ రకం బాడీ కొంచెం వంగుతుంది, గేర్లు పక్కకి జరుగుతాయి. బేరింగులు 10+1, 12+1 అని గొప్పగా చెప్తే దానికోసం డబ్బులు ఎక్కువ పెట్టకండి. సీల్ వేసిన అయిదు బేరింగులు సీల్ లేని పన్నెండు కన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. గేర్ రేషియో 5.6:1 దగ్గర ఉంటే అన్నిటికీ సరిపోతుంది. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే రోటర్ (స్పూల్ చుట్టూ తిరిగి దారం చుట్టే భాగం) అయిదున్నర చుట్లకి పైగా తిరుగుతుందని దాని అర్థం. ఎప్పుడూ మెటల్ జిగ్ వేగంగా లాగడమే మీ పద్ధతైతే 6కి పైన తీసుకోవచ్చు.

5. అప్పుడు రాడ్

రీల్‌ని వెంట తీసుకెళ్లి రాడ్ కొనండి. బిగించి పట్టుకుంటే బరువు రీల్ దగ్గరే నిలవాలి. ముక్కు నేలకి వాలిపోతుంటే రెండు గంటల తర్వాత మణికట్టు చెప్తుంది.

కార్బన్ రాడ్ తేలిక, చిన్న తాకిడి కూడా చేతికి తెలుస్తుంది, కానీ రాతికి కొట్టుకుంటే విరుగుతుంది. ఫైబర్ గ్లాసు బరువు, మొద్దు, కానీ మొండిది. రెండూ కలిపిన రాడ్లు కూడా వస్తాయి. రాళ్ల మీద తిరగడం కొత్త అయితే, పిల్లల్ని కూడా తీసుకెళ్తుంటే, నేను కలిపిన రకమే తీసుకోమంటాను.

దారం దూరి వెళ్లే రింగుల దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంటి నుంచి కొంచెం దూది జేబులో వేసుకుని వెళ్లండి. దూదిని వత్తిలా నలిపి ఒక్కో రింగులోంచి దూర్చి, లోపలి అంచు చుట్టూ రుద్దండి. ఎక్కడైనా ఒక పోగు పట్టుకుని ఉండిపోయిందంటే అక్కడ సిరామిక్‌లో కంటికి కనపడని పగులు ఉంది. బ్రెయిడ్‌ని అది రంపంలా కోస్తుంది. ముఖ్యంగా చిట్టచివరి ముక్కు రింగు చూడండి, అందరూ రాడ్‌ని గోడకి ఆనించేది దాని మీదే. షాపువాళ్లు ఏమైనా అనుకుంటారేమోనని మొహమాటపడకండి. రింగు ఫ్రేము స్టెయిన్‌లెస్ స్టీలైనా ఉండాలి. మామూలు ఇనుముకి పూత పూసినవి ఒక్క వర్షాకాలానికే ఎర్రబడతాయి.

రెండు ముక్కలూ బిగించి, తుపాకీ గురి చూసినట్టు పిడి వైపు నుంచి కన్ను పెట్టి చూడండి. రింగులన్నీ ఒకే గీతలో ఉండాలి. రాడ్ బలం చూడటానికి ముక్కుని సీలింగ్‌కి ఆనించి వంచుతారు కొందరు. అలా చేయకండి, వంపు అంతా సన్నటి చివర మీదే పడి అక్కడే చిట్లుతుంది. దారం ఎక్కించి, ఎవరినైనా చివర పట్టుకోమని, రాడ్‌ని 45 డిగ్రీల్లో ఎత్తితే వంపు సరిగ్గా తెలుస్తుంది. పైన మూడో వంతు వంగి కింద గట్టిగా ఉంటే జిగ్, లూర్‌లకి బాగుంటుంది. సగం దాకా వంగేది రొయ్య ఎరకి మేలు, విసిరినప్పుడు ఎర గాలం నుంచి ఊడిపోదు.

6. ఇంట్లోనే సెట్ చేసుకోండి

స్పూల్ మీద బ్రెయిడ్ నేరుగా చుడితే మొత్తం చుట్ట గుండ్రంగా జారిపోతుంది, డ్రాగ్ పాడైందని పొరబడతారు. ముందు పది చుట్లు నైలాన్ వేయండి, లేదా ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి. దాని మీద బ్రెయిడ్‌ని తడి గుడ్డతో బిగించి పట్టుకుని చుట్టాలి. అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువలో ఆపండి. నిండుగా చుడితే విసిరినప్పుడు ఉండలుగా వచ్చి రింగులో ఇరుక్కుంటుంది.

డ్రాగ్‌కి సూట్‌కేసు బరువు చూసే చిన్న త్రాసు చాలు. దారం తెగే బరువులో నాలుగో వంతు దగ్గర పెట్టాలి. 13 కిలోల దారానికి మూడుంపావు కిలోలు. రింగుల గుండా దారం ఎక్కించి, చివర త్రాసు కొక్కేనికి కట్టి, రాడ్‌ని చేప ఉన్నట్టు ఎత్తి పట్టుకోండి. ఇంకొకరు త్రాసు పట్టుకుని వెనక్కి నడవాలి. అంకె మూడుంపావు దగ్గరికి రాగానే దారం జారడం మొదలవ్వాలి. మా ఇంట్లో ఈ పని మా చిన్నమ్మాయిది. హాల్లోంచి వంటగది దాకా లాక్కుంటూ పోయి "నాన్నా, మూడు దాటింది" అని అరుస్తుంది. ఆ తర్వాత ఆ ట్రిప్పు అయ్యేదాకా నేను నాబ్ ముట్టుకోను. రాళ్ల మీద చేప పడిన టెన్షన్‌లో నాబ్ బిగించడమే అందరూ చేసే తప్పు.

7. ప్రయాణం

హైదరాబాద్ నుంచి వచ్చే మిత్రులు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి పొద్దున్న దిగుతారు. 9 అడుగుల రాడ్ రెండు ముక్కలైతే ఒక్కోటి నాలుగున్నర అడుగులు, బెర్తు మీద గోడ వైపు పెట్టుకోవచ్చు. గుడ్డ సంచిలో మాత్రం తేకండి. నీళ్ల పైపులు అమ్మే షాపులో మూడంగుళాల పీవీసీ పైపు అయిదు అడుగులు కోయించి, రెండు వైపులా మూతలు వేయించండి, లోపల అడుగున కొంచెం స్పాంజి. ఎవరు దాని మీద కూర్చున్నా ఏమీ కాదు. రీల్ చేతి సంచిలో, పాత సాక్సులో.

అండమాన్ ప్లాన్ ఉంటే అది వేరే లెక్క. అక్కడి పెద్ద పారలకి పీఈ 6 నుంచి 8, రీల్ 10000 పైన, రాడ్ ఏడున్నర ఎనిమిది అడుగుల లావుపాటిది కావాలి. ఒక్క ట్రిప్పు కోసం కొనే బదులు పడవవాళ్ల దగ్గర అద్దెకి అడగండి. శ్రీవిజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి, తెలుగులోనే మాట్లాడి కనుక్కోవచ్చు.

పడవ ట్రిప్పు అనుకుంటే తేదీ చూసుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో ఎవరైనా తీసుకెళ్తామన్నా వెళ్లకండి. రాళ్ల మీదకైనా, పడవకైనా బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం) ఇచ్చే అలల సూచన చూడండి. అల ఎత్తు పెరిగిందంటే తెన్నేటి పార్కు రాళ్ల మీద ఆ రోజు నిలబడేది లేదు.

కార్బన్ కరెంటుని పోనిస్తుంది. బిగించిన రాడ్ నిలువుగా పట్టుకుని కరెంటు తీగల కింద నడవకండి. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టేసి వెనక్కి వచ్చేయండి.

8. తిరిగొచ్చాక పదిహేను నిమిషాలు

అలసిపోయి ఉంటారు, తెల్లారి చూద్దాం అనిపిస్తుంది. ఉప్పు ఆ రాత్రే పని మొదలుపెడుతుంది. డ్రాగ్ నాబ్ పూర్తిగా బిగించండి, లోపలికి నీళ్లు పోకుండా. రీల్‌ని బకెట్లో ముంచకండి, పైపుతో గట్టిగా కొట్టకండి, ఆ ఒత్తిడికి ఉప్పు ఇంకా లోపలికి వెళ్తుంది. మగ్గులో మంచినీళ్లు తీసుకుని మెల్లగా పోస్తూ హ్యాండిల్ తిప్పండి, రోలర్ మీద వేలితో దొర్లించండి. రాడ్ రెండు ముక్కలూ విడదీసి, రింగుల కాళ్ల దగ్గర పాత టూత్‌బ్రష్‌తో తోమండి. అతుకు దగ్గర ఉప్పు తుడిచి, కొవ్వొత్తి ఒకసారి రుద్దితే తర్వాతిసారి బిగుసుకుపోదు.

నీడలో ఆరబెట్టి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి, లేకపోతే వాషర్లు నొక్కుకుని అతుక్కుంటాయి. రోలర్ మీద రీల్ ఆయిల్ ఒక్క చుక్క. మర్నాడు పొద్దున్న రీల్‌ని చెవి దగ్గర పెట్టుకుని హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. సన్నగా గరగర వినిపిస్తే తర్వాతి ట్రిప్పు దాకా ఆగకుండా ఆ వారమే విప్పించి గ్రీజు మార్పించండి.